అరవై రెట్ల దూరం

మూడు వారాలుగా లెక్క వేస్తానే ఉండాను.
ఫోనుతో తీస్తే పాలపిట్ట ఆవగింజంత,
వేళ్ళతో లాగి పెద్దది చేస్తే
తెల్లచొక్కా మీద నీలిమందు మరక.
పెద్ద కెమెరా అయితే ఒళ్ళు ఒక ధర, కన్ను ఇంకో ధర,
దూరం చూసే కన్నుకి నా మూడు నెలల జీతం.
పైగా స్తంభం కింద, దుమ్ములో,
ఒక కన్ను పీకి ఇంకో కన్ను బిగించిందాకా
కాచుకోని ఉండేదానికి
పిట్టకేం, నా మాదిరి పై ఆఫీసరుందా?

గాంధీరోడ్డు సందులో అంగడి.
తులసీరాం అని కుర్రోడు
గాజుబల్ల మీద పాత టవలు పరిచి
ఒకటొకటే పెట్టినాడు, పసిబిడ్డల్ని పండబెట్టినట్టు.
"వీటిని బ్రిడ్జి కెమెరాలంటారు నా."
బ్రిడ్జి ఎందుకబ్బా అంటే
"ఫోనుకీ పెద్ద కెమెరాకీ నడాన ఉంటాది కదా."
స్వర్ణముఖి మీది వంతెన గుర్తొచ్చింది.
కింద ఉండేది ఇసుకే,
అయినా దినామూ దాని మీదే పోతాను డ్యూటీకి.

ఒకటి ఎత్తితే ఇటికరాయి.
ఒకటి తేలిక, కానీ కన్ను ఆనించే కిటికీ లేదు,
వీధిలోకి తెస్తే ఎండకి వెనక అద్దంలో నా మొహమే కనపడింది.
నా మొహం చూసుకునేదానికి పద్దెనిమిది వేలెందుకు?
మూడోది సెకండ్ హ్యాండు, పక్కన గీత పడుండాది,
రాయవేలూరు డాక్టరమ్మ అమ్మేసి పోయిందంట.
అరవై రెట్లు లాగుతాది.
పట్టు అరచేతిలో కుదురుకునింది
కటింగ్ ప్లేయరు మాదిరి.

"చీకట్లో మాత్రం బొమ్మ రవ్వరవ్వగా వస్తాది నా,
లోపల వెలుతురు పట్టే పలక గోరంతే."
దాచకుండా చెప్పినాడు.
చీకటి పడినాక నాకు బొమ్మలెందుకు?
చీకటైతే ఊరు ఊరంతా నాకే ఫోను.

"ఏం తీస్తావు నా? కొండా, గోపురమా?"
చెప్పలేదు.

ఇరవై రెండేండ్లుగా పిట్టల్ని దగ్గరగానే చూస్తా ఉండాను.
చంద్రగిరి సెక్షన్లో, పదకొండు కేవీ లైను కింద,
రెండు తీగలకీ రెక్కలు ఆనించినవి.
గుడ్లగూబలు. ఒకసారి నెమలి, తోక కాలి.
కర్రతో దించి, గ్లోవ్సు ఊడదీసి,
ఉత్త చేత్తోనే ఎత్తినా.
పాలపిట్ట రెక్కలోపలి నీలం
నేను చూసినంత దగ్గరగా ఎవరూ చూసుండరు.
చేతికి అందినవన్నీ చల్లబడినవే.
బతికిందాన్ని చూడాలంటే దూరం కావాల.
ఆ దూరం కొనేదానికి వచ్చినా.

మెట్టు మీద నిలబడి మీట తిప్పినా.
గుర్రుమంటా ముక్కు సాగింది.
ఘాటురోడ్డు మలుపులో బస్సు, వణుకుతా.
ఊపిరి బిగబట్టినా.
కిందికి దించితే వీధి చివర స్తంభం,
పింగాణీ గిన్నె మీద వెంట్రుకంత పగులు.
నొక్కినా.

"ఇదేంది నా, ఫస్ట్ ఫొటో పింగాణీయా!"
వాడు నవ్వతా ఉండంగానే
టౌను సెక్షను చెంగల్రాయులుకి ఫోను చేసి
స్తంభం నెంబరు చదివినా, కెమెరాలో చూసుకుంటానే.

బేరం పదహారున్నర దగ్గర తెగింది. సంచి ఊరికే ఇచ్చినాడు.
ఇంట్లో గౌరమ్మ దాన్ని ముట్టుకోకుండానే అనింది:
"దినమంతా చూసేది తీగలే కదా,
మళ్ళా డబ్బులిచ్చి చూడాల్నా?"

తెల్లారి ఆరున్నర, రంగంపేట దావ.
శెనక్కాయ చేని మీది తీగన ఉండాది అది,
మెడ లోపలికి ముడుచుకోని.
బండి ఆపినా. మీట తిప్పినా.
ఆ రవంత గుర్రుకే

బొమ్మలో పిట్ట లేదు.
ఒక మూల నీలం గీత,
తీగ ఊగిన అలుకు.

చెరిపెయ్యలేదు దాన్ని.